కర్త ఎవరు?

తెలుగు వాచకం పట్టుకున్న ప్రతి పిల్లకీ, పిల్లగాడికీ కర్త, కర్మ, క్రియ అనే మూడు మాటలు తెలుసు. పని చేసేవాడు కర్త. ఆ పని ఎవరి మీద పడుతుందో వాళ్లు కర్మ. దళితుల గురించి నూరేళ్లకు పైగా తెలుగులో రాస్తూ వచ్చిన వాక్యాల్ని ఈ లెక్కన విడదీసి చూడండి. మిషనరీలు మాలమాదిగల్ని మతం మార్చారు. సంస్కర్తలు హరిజనుల్ని ఉద్ధరించారు. ప్రభుత్వం వాళ్లని చదివించింది. పార్టీ కూలీల్ని కదిలించింది. ఎవరో రెచ్చగొట్టారు. మార్చడం, ఉద్ధరించడం, చదివించడం, కదిలించడం, రెచ్చగొట్టడం - అన్నీ ఒకరు మరొకరి మీద చేసే పనులే. మారిన మనిషి, చదివిన మనిషి, కదిలిన మనిషి ఆ వాక్యంలో కర్మగానే మిగిలిపోయారు. ఊరు మన నొసట రాసిన కర్మ ఒకటైతే, చదువుకున్నవాళ్లు వాక్యంలో రాసిన కర్మ రెండోది.

ఇందులో విచిత్రం ఏమిటంటే మన మేలు కోరేవాళ్లూ, కీడు కోరేవాళ్లూ ఒకే వాక్యం రాస్తారు. మిషనరీలు మంచి చేశారని ఒకరు, మోసం చేశారని ఇంకొకరు కొట్టుకుంటారు. కొట్లాటంతా కర్త గుణగణాల మీదే. ఆ కర్త స్థానంలో పేరయ్యనో సువార్తమ్మనో కూర్చోబెట్టాలని మాత్రం ఇద్దరికీ తోచదు.

కర్తృత్వం అనే మాటను మేం ఇక్కడ మామూలు అర్థంలోనే వాడుతున్నాం. మన ముందు ఏ దారులున్నాయి, ఏ దారికి ఎంత వెల, ఎవరితో మాట్లాడి తేల్చుకోవాలి అని తూచుకుని అడుగు వెయ్యడం. వేసిన అడుగు మనదే అని నిలబడడం. దీన్ని చరిత్రలోనూ సాహిత్యంలోనూ గుర్తుపట్టడానికి మూడు ప్రశ్నలు చాలు అనుకుంటున్నాం. ఎంతకాలం ఆలోచించారు? ఎవరితో మాట్లాడుకున్నారు? ఏం పోగొట్టుకోవడానికి సిద్ధపడ్డారు? ఈ మూడూ అడగకుండా దళితుల గురించి రాసిన విమర్శ, ఎంత సానుభూతితో రాసినా, మనల్ని కర్మగానే ఉంచుతుంది.

గంజి కోసమేనా?

ఒంగోలు ప్రాంతంతోనే మొదలుపెడదాం. ఇక్కడి మాదిగలు పందొమ్మిదో శతాబ్దంలో వేలకు వేలు క్రైస్తవం తీసుకున్నారు. 'కరువులో గంజి పోస్తే మారారు' అన్నది నేటికీ వినిపించే తీర్పు. ఈ తీర్పు చెప్పేవాళ్లు తేదీలు చూడరు.

తాళ్లకొండపాడు మాదిగ యర్రగుంట్ల పేరయ్య బాప్తిస్మం తీసుకున్నది 1866లో. ధాత కరువు వచ్చింది 1876లో. మధ్యన పదేళ్లున్నాయి. పేరయ్య అంతకుముందే యోగ గురువుల దగ్గర ఉపదేశం పొందినవాడు, దేవుడంటే ఏమిటని చాలా ఏళ్లుగా వెతుకుతున్నవాడు. తోలు వ్యాపారం మీద ఊళ్లు తిరుగుతూ కొత్త బోధ విన్నాడు, తనే మిషనరీల్ని వెతుక్కున్నాడు. తర్వాత పల్లెపల్లెకీ నడిచి తనవాళ్లతో మాట్లాడింది కూడా ఆయనే. పేరయ్య లేకపోతే ఆ దొరలకు ఏ పల్లెలో ఎవరింటి ముందు కూర్చోవాలో తెలిసేది కాదు.

ఇక కరువు సంగతి. అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ బకింగ్‌హామ్ కాలువలో కొంత భాగం తవ్వకం కాంట్రాక్టుకు తీసుకుని వేలమందికి కూలి ఇచ్చాడు. నిజమే. అయితే ఆ కరువు సాయం నడిచిన కాలంలో, దాదాపు పదిహేను నెలలపాటు, ఆయన బాప్తిస్మాలు ఆపేశాడు. తిండి కోసం వస్తారన్న అనుమానం ఆయనకూ ఉంది. సాయం ముగిశాక జనం మళ్లీ వచ్చారు. 1878 జూలై 3న గుండ్లకమ్మ ఒడ్డున, వెల్లంపల్లి దగ్గర, ఒక్క రోజులో 2,222 మంది నీళ్లలోకి దిగారు. గంజి కోసమే వచ్చినవాళ్లయితే గంజి ఆగిపోయాక వచ్చినట్టు!

ఆ కొత్త మతం పెట్టిన షరతులు కూడా చూడాలి. ఆదివారం పని చెయ్యకూడదు. విగ్రహాలకు మొక్కకూడదు. చచ్చిన గొడ్డు మాంసం తినకూడదు. కరువులోంచి అప్పుడే బయటపడ్డ మాదిగ కుటుంబానికి ఈ మూడో షరతు అర్థం ఏమిటి? చేతికందే తిండిని వదులుకోవడం. మొదటి షరతు అర్థం ఏమిటి? పిలిచిన రోజు పనికి రానని ఆసామికి చెప్పడం. రెండోదానికి అర్థం జాతరలో డప్పు కొట్టనని ఊరికి చెప్పడం. ఈ మాట అన్నవాళ్లకి ఊరిపెద్దలు పని మాన్పించారు, దారులు కట్టేశారు, కక్ష సాధించారు. తిండి కోసం మారారు అంటారు గానీ, మారినవాళ్లు మొట్టమొదట వదులుకున్నది తిండే. మా మూడు ప్రశ్నలకూ ఇక్కడ జవాబు దొరుకుతుంది. పదేళ్లకు మించి ఆలోచించారు. పల్లెలో కూర్చుని బంధువులతో మాట్లాడుకున్నారు. కూలీ, తిండీ పణంగా పెట్టారు.

మిషనరీల రాతలు మనకు ఈ వివరాలు ఇస్తాయి గానీ, వాళ్ల వాక్యం కూడా మన పక్షాన లేదు. వాళ్లు పంట కోసినట్టు ఆత్మల్ని లెక్కపెట్టుకున్నారు. 2,222 అనే అంకె గొప్పగా చెప్పుకున్నారు. ఆ అంకెలో ఒక్కొక్కరూ ముందురోజు రాత్రి ఇంట్లో ఏం మాట్లాడుకున్నారో రాసిపెట్టినవాళ్లు లేరు. అది ఊహించాల్సిన, వెతకాల్సిన బాధ్యత మన విమర్శది.

రెండు డప్పులు

ఇదే ప్రాంతంలో 1994లో ఇంకో సంగతి జరిగింది. నాటి ప్రకాశం జిల్లా ఈదుముడిలో జూలై 7న మాదిగ రిజర్వేషన్ పోరాట సమితి పుట్టింది. దండోరా అని పేరు పడింది. డప్పు భుజానికెత్తుకుని వీధికొచ్చారు. పేరు చివర 'మాదిగ' అని రాసుకున్నారు. నిన్నటిదాకా తిట్టుగా వాడిన మాటను ఇంటిపేరు కంటే గట్టిగా పెట్టుకున్నారు.

1870లలో డప్పు కొట్టం అన్నారు. 1994లో డప్పు కొడతాం అన్నారు. పైపైన చూసేవాళ్లకు ఇది తడబాటులా కనిపించొచ్చు. అప్పుడు వద్దన్నది ఇప్పుడు ఎందుకు ముద్దయింది అని అడిగేవాళ్లున్నారు. మా దృష్టిలో రెండూ ఒకటే పని. అప్పటి డప్పు ఊరు కొట్టమంటే కొట్టింది. దాన్ని దించడం నిర్ణయం. ఇప్పటి డప్పు తమ మాట చెప్పడానికి తాము ఎత్తుకున్నది. దాన్ని మోగించడం నిర్ణయం. గౌరవం డప్పులో ఉందా, డప్పు మానడంలో ఉందా అని వాదించుకునేవాళ్లు అసలు ప్రశ్న వదిలేస్తున్నారు. ఎప్పుడు మోగాలో, ఎవరి కోసం మోగాలో చెప్పేది ఎవరు? కర్తృత్వం అక్కడుంది. దండోరా అడిగిన వర్గీకరణకు రాష్ట్రాలకు అధికారం ఉందని సుప్రీంకోర్టు చెప్పింది 2024 ఆగస్టు 1న. ముప్ఫై ఏళ్లు పట్టింది. ఆ డిమాండ్ మీద దళితుల్లోనే భిన్నాభిప్రాయాలున్నాయి, ఉంటాయి కూడా. కానీ 'ఎవరో వెనకుండి ఆడిస్తున్నారు' అనే మాట మాత్రం మళ్లీ ఆ పాత వాక్యమే. అది ఎవరి నోట వచ్చినా, దళితుల నోట వచ్చినా సరే, ఒప్పుకోలేం.

ఈ రెండు డప్పుల నడుమ కారంచేడు ఉంది. 1985 జూలై 17న ఆరుగురు మాదిగలు హత్యకు గురయ్యారు. తాగే నీళ్ల చెరువు దగ్గర మొదలైన గొడవ అది. నీళ్లు పాడుచేయొద్దన్నందుకు మీదికొచ్చినవాళ్లకు ఎదురుగా మున్నంగి సువార్తమ్మ బిందె ఎత్తింది. అది ఒక్క క్షణం. మా మొదటి ప్రశ్న 'ఎంతకాలం ఆలోచించారు' కదా, మరి ఒక్క క్షణంలో ఎత్తిన బిందెను నిర్ణయం అనొచ్చా అని ఎవరైనా అడగొచ్చు. అనొచ్చు. ఆ చెరువుకి రోజూ వెళ్లి, రోజూ చూసి, రోజూ దిగమింగుకున్న మనిషికి ఆలోచన అప్పటికే పూర్తయింది. చెయ్యి లేవడమే మిగిలింది.

ఆ తర్వాత జరిగింది ఇంకా లోతుగా చదవాలి. బతికినవాళ్లు చీరాల చేరారు. మళ్లీ కారంచేడు పోము అన్నారు. ఇల్లూ, ఊరూ, అక్కడి పనీ వదులుకుని చీరాలలోనే విజయనగర్ కాలనీగా స్థిరపడ్డారు. ఆ సెప్టెంబరులోనే దళిత మహాసభ ఏర్పడింది. 2008 డిసెంబరులో సుప్రీంకోర్టు తీర్పు వచ్చేదాకా, ఇరవై మూడేళ్లు, కేసును వదల్లేదు. రాజీలకూ బెదిరింపులకూ లొంగకుండా సాక్ష్యం మీద నిలబడడమంటే ఒకసారి తీసుకున్న నిర్ణయాన్ని ప్రతి వాయిదాకీ మళ్లీ తీసుకోవడం. వీళ్లను మనం 'బాధితులు' అంటాం. ఆ మాట అబద్ధం కాదు. కానీ ఆ ఒక్క మాటతో ఆగిపోతే ఇరవై మూడేళ్ల నిర్ణయం కనపడకుండా పోతుంది.

సాహిత్యంలో ఎవరు తేల్చుకున్నారు?

ఇప్పుడు మన సాహిత్యం దగ్గరకొద్దాం. ఉన్నవ లక్ష్మీనారాయణ 'మాలపల్లి' 1922లో వచ్చింది. ప్రభుత్వం నిషేధించిన నవల. మాల కుటుంబాన్ని నవల నడిబొడ్డున నిలబెట్టిన గౌరవం దానికి ఎప్పటికీ ఉంటుంది. అయితే మా ప్రశ్నలతో చదివితే ఏం కనిపిస్తుంది? రామదాసు భరిస్తాడు. కూలీల పక్షాన నిలబడ్డ సంగదాసు ఆసామి చేతిలో చస్తాడు. వెంకటదాసు దొరల్ని దోచి పేదలకు పంచే బందిపోటవుతాడు. భరించడం, చావడం, అడవి పట్టడం - ఈ మూడు దారులే రచయితకు తోచాయి. మాలపల్లి జనం చావడి దగ్గర కూర్చుని, నీకేమనిపిస్తోంది, నాకేమనిపిస్తోంది అని వాదించుకుని, ఓ మాట మీదికి వచ్చే తీరు నవలకు కేంద్రం కాలేదు. ఉన్నవ మనసు మంచిది కాదని దీనర్థం కాదు. పల్లె మాట్లాడుకునే తీరు బయటినుంచి వినపడదు.

జాషువ 'గబ్బిలం' 1941 నాటిది. అందులో అంటరానివాడు కాశీలో ఉన్న శివుడికి గబ్బిలంతో కబురు పంపుతాడు. కథ వరకే చూస్తే తేల్చాల్సినవాడు దేవుడు, ఇతను అర్జీదారు. కానీ అర్జీ రాసిన తీరు చూడండి. సంస్కృత కవి మేఘాన్ని పంపాడు. మనవాళ్లు హంసల్ని, చిలకల్ని పంపారు. జాషువ అపశకునమని జనం తరిమే గబ్బిలాన్ని ఎంచుకున్నాడు. తను అడుగుపెట్టలేని గుడిలో అడ్డూ ఆపూ లేకుండా వేలాడే ప్రాణి అది. దూతను ఎంచుకోవడంలోనే తీర్పు ఉంది. పాత్ర అడుక్కుంటున్నట్టు కనిపించినా కవి అడుక్కోలేదు. పద్యాల ధార గురించి తరగతి గదుల్లో గంటలు గంటలు చెప్పే మేష్టార్లు ఈ ఎంపిక గురించి ఒక పూట మాట్లాడితే దళిత విద్యార్థికి ఆ కావ్యం వేరేగా తెరుచుకుంటుంది.

బోయి భీమన్న 'పాలేరు' నాటకంలో పాలేరు కుర్రాడు చదువుకుని డిప్యూటీ కలెక్టరవుతాడు. విమర్శకులు దీన్ని ఆదర్శవాదం అని పక్కన పెడుతుంటారు. ఒక్క పాలేరు కలెక్టరైతే వ్యవస్థ మారుతుందా అంటారు. న్యాయమైన ప్రశ్నే. కానీ ఆ నాటకం చూసి పిల్లల్ని పాలేరుతనం మాన్పించి బడికి పంపిన తల్లిదండ్రుల గురించి కోస్తా పల్లెల్లో నేటికీ చెప్పుకుంటారు. మా దృష్టిలో ఆ నాటకానికి అసలు కథానాయకులు వాళ్లే. పిల్లవాడు పాలేరుగా ఉంటే ఇంటికి గింజలొస్తాయి. ఆసామి దగ్గర తీసుకున్న అప్పుకి వాడి చాకిరీయే జమ. వాణ్ని మాన్పించడమంటే గింజలు పోవడం, అప్పు మీద పడడం, ఆసామి కోపం. ఇవన్నీ తెలిసే, నాటకం అయ్యాక ఇంటికి నడిచొస్తూ మొగుడూ పెళ్లాలు ఏదో మాట్లాడుకుని ఉంటారు. ఆ సంభాషణ ఏ నాటకంలోనూ లేదు. ప్రేక్షకుడు తీసుకున్న నిర్ణయాన్ని లెక్కలోకి తీసుకోని విమర్శకు పాలేరు అర్థం కాదు.

2000లో వచ్చిన కల్యాణరావు 'అంటరాని వసంతం'లో వాక్యం తిరగబడింది. శివయ్య కరువులో కాలువ పనికి పోతాడు. అక్కడా అంటరానితనం ఎదురవుతుంది. క్రైస్తవం వైపు నడుస్తాడు. పైన చెప్పిన చరిత్రే, ఈసారి నడిచే మనిషి కాళ్ల దగ్గరనుంచి. పైగా ఈ తరాల కథంతా రూతు జ్ఞాపకంగా సాగుతుంది. గుర్తుపెట్టుకోవడానికీ, చెప్పడానికీ ఒక ఆడమనిషి కర్త అయింది. గోగు శ్యామల కథల్లో ఒకదాంట్లో ఊరిపెద్దలు జోగినిని చెయ్యాలన్న బిడ్డను తండ్రి హాస్టల్లో చేరుస్తాడు. ఆ నిర్ణయానికి ఆ కుటుంబం పెద్ద వెలే కడుతుంది. జోగినుల్ని చెయ్యడం 1988 నుంచీ చట్టప్రకారం నేరం. చట్టం తమను కాపాడుతుందో లేదో తెలియకుండానే ఆ తండ్రి బిడ్డ చెయ్యి పట్టుకుని నడుస్తాడు. దళిత రచయితల చేతిలో కలం పడ్డాక కొత్తగా వచ్చింది బాధ వర్ణన ఒక్కటే కాదు. తేల్చుకునే మనిషి కథలోకి వచ్చాడు, వచ్చింది.

ఇరవై ఒక్క ఏళ్లు

నిర్ణయం గురించి మాట్లాడుతూ అంబేద్కర్‌ను తలవకుండా ఉండలేం. 1935 అక్టోబరు 13న యేవలాలో, తాను హిందువుగా చావనని ప్రకటించాడు. నాగపూర్‌లో దీక్ష తీసుకున్నది 1956 అక్టోబరు 14న. నడుమ ఇరవై ఒక్క ఏళ్లు. 1936 మేలో బొంబాయి మహర్ల సభలో మతం మారడం వల్ల లాభనష్టాలేమిటో ఒక్కొక్కటీ విడమర్చి చెప్పాడు. మీకు మీరే వెలుగు కావాలన్న బుద్ధుడి బోధతో ఆ ప్రసంగం ముగించాడు. 'నేను చెప్పాను గనుక రండి' అనలేదు. ఇతర మతాల్ని చదివాడు, సిక్కు మతాన్ని తూచి చూశాడు.

ఆలస్యం చేశాడని విసుక్కున్నవాళ్లు అప్పుడూ ఉన్నారు. ఆ ఆలస్యమే ఆయన మనకిచ్చిన పాఠం అని మేం అంటాం. ఇరవై ఒక్క ఏళ్లలో వద్దన్న నిర్ణయం ఒక్కరోజు కూడా వెనక్కి పోలేదు. ఏది కావాలన్న నిర్ణయం ఒక్కరోజు కూడా తొందరపడలేదు. ఆ రోజు జనం చేత చెప్పించిన ఇరవై రెండు ప్రతిజ్ఞల వాక్యాలు చూడండి. అన్నిట్లోనూ 'నేను' ఉంది. నేను మొక్కను, నేను చేయను, నేను నమ్ముతాను. లక్షలమంది ఒకేసారి పలికినా ఎవరి నోట్లో వాళ్ల 'నేను' ఉంది. అంబేద్కర్ మహర్లను బౌద్ధంలోకి మార్చాడని చరిత్ర పుస్తకం రాస్తుంది. ఆ మైదానంలో పలికిన వాక్యం అది కాదు.

'నీ చేతుల్లోనే ఉంది' అనేవాళ్లతో

ఇంత రాశాక ఒక ప్రమాదం గురించి హెచ్చరించాలి. బస్టాండు బంకుల నిండా వ్యక్తిత్వ వికాసం పుస్తకాలున్నాయి. కోచింగ్ సెంటర్లలో వాటినే మాటలుగా చెబుతారు. నీ తలరాత నీ చేతుల్లోనే ఉంది, గట్టిగా అనుకో, నిర్ణయం తీసుకో, గెలుస్తావు అంటారు. దళిత విద్యార్థులు వీటిని ఆశగా చదువుతారు. మేమూ చదివాం. అందులో పనికొచ్చే మాటలు లేవని అనం. లేవగానే ఇవాళ ఏం చెయ్యాలో రాసుకోమనడంలో తప్పేముంది?

కానీ ఆ పుస్తకంలోని 'నువ్వు'కి కులం ఉండదు, అప్పు ఉండదు, స్కాలర్‌షిప్ ఆలస్యం కాదు, ఊళ్లో చెల్లెలి పెళ్లి ఉండదు. ఆ 'నువ్వు' ఓడిపోతే కారణం నువ్వే. నిన్న కర్మ అన్నారు, ఇవాళ నీ తప్పు అంటున్నారు. రెండిట్లోనూ కట్టిపడేసినవాడి పేరు లేదు.

మా ఇళ్లలో మొదటిసారి యూనివర్సిటీ గడప తొక్కినవాళ్లం మేం. ఎం.ఏ. తర్వాత ఉద్యోగమా, పరిశోధనా అన్నది మాకు ఒక్కరి ప్రశ్న కాలేదు. మేం చదువుతామంటే ఇంట్లో ఇంకెవరో చదువు మానుకోవాలి. ఆ లెక్క తెలిసి తీసుకున్న నిర్ణయాన్ని స్వార్థం అని ఒకరంటారు, త్యాగం అని ఇంకొకరంటారు. మేం దాన్ని ఉమ్మడి నిర్ణయం అంటాం. పుస్తకంలోని 'నువ్వు' కంటే గుండ్లకమ్మలోకి దిగిన మనుషులు మాకు దగ్గరివాళ్లు. వాళ్లూ ఎవరి ముంత గంజి వాళ్లు వదులుకున్నారు, కానీ పల్లెతో మాట్లాడుకుని వదులుకున్నారు.

అయితే 'పల్లె తేల్చుకుంది' అనే వాక్యాన్ని కూడా గుడ్డిగా నమ్మలేం. పల్లె అంటే ఎవరు? కులపెద్దలు కూర్చున్నప్పుడు ఆడవాళ్లు ఎక్కడున్నారు? బిందె ఎత్తింది సువార్తమ్మ. సభల్లో వేదిక మీద ఎంతమంది సువార్తమ్మలు కూర్చున్నారు? చదువు ఎవరు మానాలని ఇంట్లో ప్రశ్న వచ్చినప్పుడు మానింది అన్నా, చెల్లా? మనల్ని కర్మగా రాసిన అగ్రవర్ణ వాక్యాన్ని నిలదీసే మనమే మన ఇంటి వాక్యంలో ఆడవాళ్లను కర్మగా రాస్తే, తిరగేసింది వాక్యాన్ని కాదు, కాగితాన్ని మాత్రమే. దళిత స్త్రీల రచనలు ఈ మాట ఎప్పుడో చెప్పాయి. విమర్శ ఇంకా పూర్తిగా వినలేదు.

అందుకే ఈ పత్రిక చదివే విద్యార్థులకూ, టీచర్లకూ, కార్యకర్తలకూ మాదొక చిన్న ప్రతిపాదన. మీ ఊళ్లో, మీ పల్లెలో మొదట చచ్చిన గొడ్డు వద్దన్నదెవరు? మొదట వెట్టికి పోనన్నదెవరు? మొదట ఆడపిల్లను హాస్టల్లో చేర్చిందెవరు? పెద్దవాళ్లు ఇంకా ఉన్నప్పుడే అడిగి రాయండి. పేరుతో పాటు ఆ మూడు ప్రశ్నలకూ జవాబు రాయండి. ఎన్నాళ్లు ఆలోచించారు, ఎవరితో మాట్లాడారు, ఏం పోగొట్టుకున్నారు. తరగతిలో ఏ పాఠం చెప్పినా వాక్యం విడదీసి, కర్త ఎవరని పిల్లల్ని అడగండి. 'చదివించారు' అని ఉన్నచోట 'చదువుకున్నారు' అని రాస్తే ఎలా ఉంటుందో రాయించి చూడండి. ఒక్క క్రియ మారితే నేల రాదు, నీళ్లు రావు. కానీ నేల కోసం, నీళ్ల కోసం నిలబడ్డవాళ్లు మన ముందు చాలామంది ఉన్నారని తెలుస్తుంది. రేపు ఏదైనా తేల్చుకోవాల్సి వచ్చినప్పుడు మొదటివాళ్లం మనం కాదని తెలిసి ఉండడం కొంత బలమే.